సభ్యులు మూడువేలు, జవాబులిచ్చేది పదిమంది: గ్రూపును నిలబెట్టేదెలా?

మీటర్‌ముల్లు

పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు, టేప్ డెక్కులు సొంతంగా బాగుచేసుకునేవాళ్ళ కోసం ఒక టెలిగ్రామ్ గ్రూపు నడుపుతున్నాం. సభ్యులు మూడువేలు దాటారు. చేరేవాళ్ళకు కొదవ లేదు, ఇబ్బందంతా లోపలే.

రోజుకు పదిహేను దాకా ప్రశ్నలు వస్తాయి. జవాబులిచ్చేది ఎప్పుడూ అదే పది పన్నెండు మంది. "ఆంప్లిఫయర్‌లో హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వస్తోంది, ఏం చేయాలి?" అన్న ప్రశ్న ప్రతి వారం తప్పదు. మోడల్ చెప్పరు, ఫొటో పెట్టరు. పాతవాళ్ళు విసుక్కుంటారు, కొత్తవాళ్ళు నొచ్చుకుని మళ్ళీ నోరు తెరవరు. బాగా పని తెలిసిన ఇద్దరు ముగ్గురు ఈమధ్య రాయడమే మానేశారు. వీటి మధ్యలో గుడ్ మార్నింగ్ బొమ్మలు, విడిభాగాల అమ్మకాలు, ఫార్వర్డులు.

ఇంతమందిలో ఇంత తక్కువమంది రాయడం మామూలేనా? మోడరేటర్లు ఎంతమంది ఉండాలి, ఎవరిని పెట్టాలి? పాయింట్లు, బ్యాడ్జీలు పెడితే జవాబులు పెరుగుతాయా? చాట్ వదిలేసి సరైన ఫోరం సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళడం మంచిదా? పెద్ద గ్రూపులు నడిపే పద్ధతి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

వారధి

మీటర్‌ముల్లు గారూ, మూడువేలలో పదిమందే రాయడం జబ్బేమీ కాదు. వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో దీన్ని 90-9-1 అన్నారు: నూటికి తొంభైమంది చదివి ఊరుకుంటారు, తొమ్మిదిమంది అడపాదడపా రాస్తారు, ఒక్కరు ఎక్కువ భాగం రాస్తారు. ఇది ఉజ్జాయింపు లెక్క. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గానీ ఆకారం మాత్రం దాదాపు ఇదే. కాబట్టి చదివేవాళ్ళ వెంట పడకండి. "రాయనివాళ్ళను తీసేస్తాం" అని హెచ్చరిక పెడితే, చెప్పడానికేమీ లేనివాళ్ళు "సూపర్", "థాంక్స్" అని రాసి హాజరు వేయించుకుంటారు. అసలు ప్రశ్నలు ఆ గోలలో పైకి కొట్టుకుపోతాయి. మౌనంగా చదివేవాళ్ళలోంచే రేపు జవాబులిచ్చేవాళ్ళు వస్తారు, వాళ్ళని అలా చదవనివ్వండి.

సభ్యుల సంఖ్య చూడటం మానేసి మూడు లెక్కలు తీయండి. గత నాలుగు వారాల ప్రశ్నలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేయాలి. మీ లెక్కన నాలుగువందల పైచిలుకు వరసలు వస్తాయి, ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఒక సెలవురోజు పని. ఒక్కో ప్రశ్నకు ఐదు గడులు చాలు: ఎప్పుడు అడిగారు, ఎవరు అడిగారు, ఇది ఆ మనిషి మొదటి పోస్టా కాదా, మొదటి జవాబు ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు.

దాన్నుంచి, మొదటిది, అసలు జవాబే రాని ప్రశ్నలు నూటికి ఎన్ని. పది దాటితే మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని చూడాలి. రెండోది, మొదటిసారి అడిగినవాళ్ళలో నెల తిరిగేలోపు రెండోసారి ఏదో ఒకటి రాసినవాళ్ళెందరు. జవాబు వచ్చినవాళ్ళను, రానివాళ్ళను విడివిడిగా లెక్కపెట్టి చూడండి, తేడా మీకే కనిపిస్తుంది. మూడోది, మొత్తం జవాబుల్లో పైనున్న ముగ్గురు ఇచ్చినవి ఎంత. సగం దాటితే ఆ ముగ్గురిలో ఒకరు ఊరెళ్ళినా గ్రూపు పడకేస్తుంది.

ఇక చేయాల్సిన పని. మీ పన్నెండుమందికి వంతులు వేయండి. వారానికి పద్నాలుగు పూటలు, తలా ఒకటి తీసుకుని ఇద్దరు రెండేసి తీసుకుంటే సరిపోతుంది. వంతులో ఉన్న మనిషి బాధ్యత ఒక్కటే: ఆ పన్నెండు గంటల్లో కొత్తగా వచ్చినవాళ్ళ మొదటి ప్రశ్నకు ఏదో ఒక స్పందన అందాలి. పరిష్కారమే చెప్పనక్కర్లేదు. "వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ అలాగే ఉంటుందా?" అని ఒక్క ఎదురుప్రశ్న వేసినా చాలు. అది వాళ్ళను మళ్ళీ రాయిస్తుంది, తర్వాత వచ్చేవాళ్ళు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. తెలియని విషయమైతే తెలిసినవాళ్ళను పేరుపెట్టి పిలవాలి. "ఎవరైనా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు.

ప్రశ్న అడిగే పద్ధతిని పిన్ చేయండి, ఐదు లైన్లు మించకుండా: కంపెనీ, మోడల్. లక్షణం ఏంటి, ఎప్పుడు మొదలైంది. ఇప్పటిదాకా ఏం మార్చారు. మల్టీమీటర్‌తో ఎక్కడ ఎంత వోల్టేజ్ చూశారు. బోర్డుకు రెండు వైపులా ఫొటో. దీని కింద సరిగ్గా అడిగిన ఒక పాత ప్రశ్న లింకు ఇవ్వండి. నియమం కంటే నమూనా చూసి నేర్చుకునేవాళ్ళే ఎక్కువ.

టెలిగ్రామ్‌లో టాపిక్స్ అనే సదుపాయం ఉంది, దాన్ని ఆన్ చేసి నాలుగు గదులు పెట్టండి: ప్రశ్నలు, పూర్తయిన పనులు, అమ్మకాలు-కొనుగోళ్ళు, కబుర్లు. కబుర్లను నిషేధించకండి, వాటికీ ఒక చోటివ్వండి. మనుషులు ఒకరికొకరు పరిచయమయ్యేది అక్కడే, పరిచయమున్న మనిషికి ఎవరైనా ఓపిగ్గా జవాబిస్తారు. కానీ నాలుగుతో ఆగండి. ఉత్సాహం కొద్దీ ట్యూబ్ రేడియోలకొకటి, క్యాసెట్లకొకటి, స్పీకర్లకొకటి తెరిస్తే పదిమంది జనం పదిహేను గదుల్లో చెల్లాచెదురై అన్నీ ఖాళీగా కనిపిస్తాయి. ఏదైనా ఒక విషయం నెలరోజులపాటు మొత్తం పోస్టుల్లో పావువంతు ఆక్రమిస్తే అప్పుడు దానికి వేరే గది తెరవాలి. ఏ గదిలోనైనా రెండు వారాలు అలికిడి లేకపోతే దాన్ని మూసి పక్కదాంట్లో కలిపేయాలి.

ఎర్రగీత

మోడరేషన్ సంగతి నేను చెబుతాను.

ఉమ్మడి వనరులు ఎలా నిలబడతాయో ఎలినార్ ఆస్ట్రమ్ చాలా దేశాల్లో పరిశీలించారు: సాగునీటి కాలువలు, చేపలవేట, పచ్చికబయళ్ళు. 1990లో ఎనిమిది సూత్రాలుగా క్రోడీకరించారు, 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆన్‌లైన్ గ్రూపులో ఆ ఉమ్మడి వనరు తెలిసినవాళ్ళ ఓపిక. అందరూ వాడుకునేదీ అదే, అతిగా తోడితే ఎండిపోయేదీ అదే. మీ ఇద్దరు ముగ్గురు రాయడం మానేశారంటే జరిగింది అదే. ఆ ఎనిమిదిలో మూడు మీకు నేరుగా పనికొస్తాయి: నియమాలు పాటించాల్సినవాళ్ళకు వాటిని మార్చడంలో మాట ఉండాలి, తప్పుకు శిక్ష మెట్లు మెట్లుగా పెరగాలి, తగువు తీర్చుకోవడానికి ఖర్చులేని, దగ్గరి చోటు ఉండాలి.

నియమాలు ఏడు మించకూడదు. ఒక్కోటి ఒక్క వాక్యం. "మర్యాదగా ఉండండి" అని రాస్తే ఎవరి మర్యాద వాళ్ళకుంటుంది, తగువొస్తే పనికిరాదు. "పనిని విమర్శించండి, మనిషిని కాదు" అని రాసి కింద రెండు ఉదాహరణలివ్వండి. "ఈ టంకం అతుకు సరిగా పట్టలేదు, మళ్ళీ వేడి చేయండి" సరే. "టంకం పెట్టడం కూడా రానివాళ్ళు రేడియో ఎందుకు విప్పుతారు" కుదరదు. ఇలా పక్కపక్కనే ఉంటే వాదించడానికి చోటుండదు. అమ్మకాల నియమంలో కూడా అంతే స్పష్టత కావాలి: ధర రాయాలి, వస్తువు ఇప్పటి ఫొటో పెట్టాలి, ఒక వస్తువు వారానికి ఒక్కసారే, అమ్ముడుపోతే తీసేయాలి.

మెట్లు ఇలా పెట్టండి. మొదటిసారి: విడిగా సందేశం, ఏ నియమం, ఏ పోస్టు అన్నది చెబుతూ. రెండోసారి: పోస్టు తీసేసి కారణం చెప్పాలి. మూడోసారి ఒక రోజు మ్యూట్, తర్వాత వారం, ఆ తర్వాత నెల. చివరగా బయటికి. స్పామ్, మోసం, బెదిరింపు, ఇంకొకరి ఫోన్ నంబరో చిరునామానో బయటపెట్టడం, ఈ నాలుగింటికి మాత్రం మెట్లుండవు, నేరుగా చివరి మెట్టే. కొత్తవాళ్ళు తెలియక తప్పిన మొదటిసారి నలుగురిలో దిద్దకండి. విడిగా చెప్పిన మాటను ఎక్కువమంది వింటారు, నలుగురిలో చెప్పిన మాటకు ఎదురు తిరుగుతారు. అందరికీ తెలియాల్సింది నిర్ణయం, ఎవరిమీద అన్నది కాదు.

ప్రతి చర్యకు మోడరేటర్ల గదిలో ఒక వరస రాయాలి: తేదీ, ఎవరు, ఏ పోస్టు, ఏ నియమం, ఏ మెట్టు, చర్య తీసుకున్నదెవరు. ఈ చిట్టా లేకపోతే ఇద్దరు మోడరేటర్లు ఒకే తప్పుకు రెండు రకాల శిక్ష వేస్తారు, పక్షపాతం అన్న మాట అక్కడే పుడుతుంది. బయటికి పంపడానికి ఇద్దరి ఒప్పుదల కావాలి. అప్పీలు వస్తే చర్య తీసుకోని మూడోమనిషి చూడాలి. అందుకే మోడరేటర్లు ముగ్గురికి తగ్గకూడదు. మీ రద్దీకి నలుగురైదుగురు సరిపోతారు. మెలకువగా ఉండే వేళలు వేరువేరుగా ఉన్నవాళ్ళను చూసి పెట్టండి, ఎందుకంటే గొడవలు ముదిరేది ఎవరూ చూడని రాత్రివేళల్లోనే.

ఎవరిని పెట్టాలి? అందరికంటే ఎక్కువ పని తెలిసిన మనిషిని పెట్టడం చాలా గ్రూపులు చేసే పొరపాటు. ఆయన సమయం జవాబులకు కావాలి. గత మూడు నెలల్లో తనతో విభేదించినవాళ్ళకు ఎలా జవాబిచ్చారో చదివి చూసి ఎంచుకోండి. నన్ను పెట్టండి అని పదేపదే అడిగేవాళ్ళను నిదానంగా చూడండి. ఆరు నెలల గడువు పెట్టి, కావాలంటే పొడిగించండి. గడువు లేకపోతే అలసిపోయినవాళ్ళు మర్యాదగా తప్పుకోలేరు, చివరికి కోపంతో తప్పుకుంటారు.

కష్టమైన సందర్భం ఒకటుంది: పని అద్భుతంగా తెలిసి, కొత్తవాళ్ళను కరిచే మనిషి. అతన్ని వదులుకుంటే జవాబులు పోతాయని అందరూ చూసీచూడనట్టు ఊరుకుంటారు. మీరు తీసే లెక్కల్లో అతను జవాబిచ్చిన కొత్తవాళ్ళలో ఎందరు మళ్ళీ రాశారో విడిగా చూడండి, ఆ లెక్క ముందు పెట్టుకుని అతనితో మాట్లాడండి. మొదటి ప్రశ్నల జోలికి పోకుండా చిక్కుముడుల్లాంటి కేసులు మాత్రమే చూడమని అడగండి. చాలామంది దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్ళ విసుగంతా ఆ పునరుక్తి ప్రశ్నల మీదే కదా. ఒప్పుకోకపోతే అందరికీ ఉన్న మెట్లే అతనికీ.

చివరిగా ఒక సాంకేతిక విషయం. మాటామాటా పెరిగినప్పుడు టెలిగ్రామ్ స్లో మోడ్ వాడండి, ఒక్కో మనిషి సందేశానికీ సందేశానికీ మధ్య విరామం పెట్టవచ్చు, గంట దాకా. ఐదు నిమిషాలు పెడితే చాలు, సగం గొడవలు చల్లబడతాయి. కొత్త సభ్యులు మొదటి రోజు లింకులు పెట్టకుండా, చేరేటప్పుడు చిన్న లెక్క చేయించే బాట్ పెట్టండి. స్పామ్ ఖాతాల్లో ఎక్కువ భాగం గడపలోనే ఆగిపోతాయి.

మీటర్‌ముల్లు

వంతులు, చిట్టా రెండూ వెంటనే మొదలుపెట్టగలం. పాయింట్లు, ఫోరానికి మారడం గురించి కూడా ఎవరైనా చెబుతారా? మా వాళ్ళలో కొందరు బ్యాడ్జీలు పెడితేనే ఉత్సాహం వస్తుందని గట్టిగా అంటున్నారు.

దస్త్రాలగది

చాట్ పారుతుంది, ఫోరం నిలుస్తుంది. "హమ్" ప్రశ్న ప్రతి వారం రావడానికి కారణం కొత్తవాళ్ళ బద్ధకం కాదు, పోయిన వారం ఇచ్చిన జవాబు వాళ్ళకు దొరకదు. అది వెబ్ సెర్చ్‌కు కనబడదు, గ్రూపులో వెతికితే ముక్కలు ముక్కలుగా నలభై సందేశాలు వస్తాయి. కాబట్టి మారాలా వద్దా అన్నదానికంటే ముందు, తెలిసిన విషయాన్ని ఒకచోట రాసిపెట్టే పని మొదలవ్వాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇరవై తీయండి. ఒక్కోదానికి ఒక పేజీ. హమ్ పేజీ ఉదాహరణ: మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట, ఫుల్ వేవ్ రెక్టిఫయర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ బలహీనపడితే వచ్చేది 100 హెర్ట్జ్ గరగర, గ్రౌండ్ లూపో షీల్డు ఊడటమో అయితే 50 హెర్ట్జ్ లోతైన హమ్. రెండింటి శబ్దం పక్కపక్కన రికార్డు చేసి పెట్టండి. వాల్యూమ్ తగ్గిస్తే హమ్ తగ్గితే లోపం వాల్యూమ్ కంట్రోల్‌కు ముందున్న భాగంలో, తగ్గకపోతే తర్వాతి భాగంలో. అంతే, ఇక్కడితో సగం కేసులు తేలతాయి. ఇక ఎవరైనా ప్రశ్న అడిగితే "పిన్ చదవలేదా" అనకుండా, "ఈ పేజీలో మూడో పరీక్ష చేసి ఏం వచ్చిందో చెప్పండి" అనండి. పాత జవాబుకు లింకిస్తూనే సంభాషణ తెగకుండా ఉంటుంది. పాత సందేశాలు తీసుకోవడానికి టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ ఉంది. ఎవరి వివరణ వాడుకున్నా ముందు వాళ్ళను అడిగి, పేజీలో వాళ్ళ పేరు వేయండి. ఆ గుర్తింపు ఏ బ్యాడ్జీకీ తీసిపోదు.

ఫోరానికి మారదలిస్తే ఒక్కరోజులో చాట్ మూసి అందరినీ రమ్మనకండి. అలా చేస్తే రాసే ఆ కొద్దిమందిలోనే కొందరు దారిలో జారిపోతారు, వాళ్ళు లేకపోతే కొత్తచోట ఏమీ మిగలదు. ముందు ఆ ఇరవై పేజీలు ఫోరంలో పెట్టండి. తర్వాత మీ పన్నెండుమందిని మాత్రమే పిలిచి నెలరోజులు అక్కడ రాయించండి. 2008లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా ముందు ప్రైవేట్ బీటాగా (పిలిచినవాళ్ళకే తెరిచిన ప్రయోగ దశగా) నడిచి, ప్రశ్నలూ జవాబులూ కొంత పేరుకున్నాకే అందరికీ తలుపు తెరిచింది. ఆ తర్వాత పెద్ద ప్రశ్నలు ఫోరంలో, చిన్నచిన్నవి చాట్‌లో. చాట్‌లో మంచి జవాబు వచ్చినప్పుడల్లా వంతులో ఉన్న మనిషి దాన్ని ఫోరానికి ఎక్కించి లింకు ఇవ్వాలి. రెండూ కొంతకాలం కలిసి నడుస్తాయి, దానికి తొందరపడక్కర్లేదు.

డిస్కోర్స్ లాంటి ఫోరం సాఫ్ట్‌వేర్‌లో నమ్మకం మెట్లు ముందే ఉంటాయి. సున్నా నుంచి నాలుగు దాకా. మామూలు అమరికలో ఒకటో మెట్టుకు ఐదు చర్చలు తెరిచి, ముప్ఫై పోస్టులు చదివి, పది నిమిషాలు చదవడంలో గడపాలి. అంటే అది రాయమని అడగదు, ముందు చదవమంటుంది. రెండో మెట్టుకు పదిహేను వేరువేరు రోజులు రావడం లాంటి షరతులుంటాయి. కొత్త ఖాతాలు పెట్టే లింకులకూ ఫొటోలకూ పరిమితి ఉంటుంది. మీకు బోర్డు ఫొటోలు కావాలి కాబట్టి ఫొటో పరిమితిని మాత్రం కొంచెం పెంచుకోండి, లేకపోతే మొదటి ప్రశ్నే ఆగిపోతుంది.

పాయింట్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది: అధికారం ఇచ్చే పాయింట్లు పనికొస్తాయి, పోటీ పెంచే పాయింట్లు చెడగొడతాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో చాలా ఏళ్ళు నడిచిన పద్ధతిలో 15 పాయింట్లు వస్తే పైకి ఓటు వేయవచ్చు, 50కి ఎక్కడైనా వ్యాఖ్య రాయవచ్చు, 125కి కిందికి ఓటు, 2,000కి ఇంకొకరి పోస్టును నేరుగా సరిదిద్దవచ్చు, 3,000కి ప్రశ్న మూయడానికి ఓటు. ఒక్కో మెట్టుకూ ఒక్కో పని అప్పగింత ఉంది. ఇతరుల జవాబును కిందికి నెడితే నెట్టినవాళ్ళకూ ఒక పాయింటు పోతుంది, అందువల్ల ఊరికే నొక్కరు. సాంకేతిక వార్తల చర్చా సైటు స్లాష్‌డాట్‌లో ఒక వ్యాఖ్యకు మార్కు -1 నుంచి 5 దాకా మాత్రమే, పైకి పోదు. మనిషి కర్మను (అక్కడ సభ్యులకు వచ్చే మొత్తం మార్కు) కూడా అంకెగా చూపడం మానేసి మాటల్లో చూపారు. అంకె ఉంటే దాన్ని పెంచుకునే ఆట మొదలవుతుంది.

మీరు "ఈ నెల ఎక్కువ జవాబులిచ్చినవారు" అని బోర్డు పెడితే ఏమవుతుందో ముందే చెప్పవచ్చు. సులువైన ప్రశ్నలకు ముందుగా ఒక లైను కొట్టేవాళ్ళు పైకొస్తారు. సర్క్యూట్ గీసి, వోల్టేజ్‌లు అడిగి, మూడు రోజులు వెంటబడి తేల్చే మనిషి ఆ జాబితాలో కనబడరు. బ్యాడ్జీ పెట్టి తీరాలంటే సంఖ్యకు పెట్టకండి, "అడిగిన మనిషి పని పూర్తయిందని రాసిన జవాబు"కు పెట్టండి.

ఇంకో మాట. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతబడింది, గూగుల్ ప్లస్ సాధారణ వాడుకదారులకు 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌లో. అక్కడి సమూహాల్లో సరుకును ముందుగా దించుకున్నవాళ్ళదే మిగిలింది. వారానికొకసారి ఆటోమేటిక్ బ్యాకప్, అది సర్వర్ బయట వేరే చోట ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ బ్యాకప్‌ను ఖాళీ సర్వర్‌లో ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడాలి, తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి. డొమైన్, హోస్టింగ్ ఖాతాల తాళాలు ఇద్దరి చేతుల్లో ఉండాలి. టెలిగ్రామ్‌లోనైనా గ్రూపు యజమాని ఖాతా పోతే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

నింపాదిగా

వారధి గారి సలహాల్లో ఒకదానికి గట్టు కడుతున్నాను. ఐదు లైన్ల పద్ధతి మంచిదే, కానీ అది లేనిదే ప్రశ్న తీసుకోం అనే స్థితికి జారకుండా చూసుకోండి. మల్టీమీటర్ చేతిలో లేని మనిషికి "ఎక్కడ ఎంత వోల్టేజ్" అన్న లైను తలుపు మూసినట్టే.

నేను అసలు చెప్పదలిచింది చేర్చుకునే వేగం గురించి. మీటర్‌ముల్లు గారు చేరేవాళ్ళకు కొదవ లేదు అన్నారు, నాకు అదే సమస్య మూలంలా కనిపిస్తోంది. వెబ్ కంటే ముందునాటి చర్చా సమూహాల వ్యవస్థ యూజ్‌నెట్ చరిత్ర చూడండి. ఏటా సెప్టెంబర్‌లో విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు ఒక్కసారి వచ్చి పడేవాళ్ళు, కొన్ని వారాల్లో పాతవాళ్ళను చూసి పద్ధతులు నేర్చుకునేవాళ్ళు. 1993 సెప్టెంబర్ తర్వాత ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద కంపెనీల ద్వారా జనం నెలనెలా వస్తూనే ఉన్నారు. నేర్పేవాళ్ళ కంటే నేర్వాల్సినవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే కావడంతో దానికి అంతులేని సెప్టెంబర్ అన్న పేరు పడింది. కొత్తవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. చూసి నేర్చుకోవడానికి చుట్టూ పాతవాళ్ళు కనబడాలి, వాళ్ళు కనబడనంత వేగంగా జనం చేరితే వచ్చినవాళ్ళు ఒకరినొకరు చూసి నేర్చుకుంటారు.

అందుకే మెటాఫిల్టర్ అనే చర్చా సైటు 2004 నుంచి చేరడానికి ఐదు డాలర్లు తీసుకుంది. మీరు డబ్బు తీసుకోనక్కర్లేదు. బహిరంగ ఆహ్వాన లింకు తీసేసి, చేరడానికి అడ్మిన్ ఆమోదం పెట్టండి. వారానికి రెండు రోజులు మాత్రమే ఆమోదించండి, అప్పుడు కొత్తవాళ్ళు జట్లుగా వస్తారు. ఒక్కో జట్టుకు స్వాగతం చెప్పి, పిన్ చూపించి, ఆ వారం వంతుల్లో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పవచ్చు. జట్టు ఎంత ఉండాలి అంటే, వారధి గారు చెప్పిన మొదటి లెక్క చూసుకోండి: జవాబు రాని ప్రశ్నలు పది శాతానికి లోపల ఉన్నంతకాలం జట్టు పెంచండి, దాటిన వారం ఆమోదాలు ఆపండి.

వారధి

నింపాదిగా గారి సవరణ సరైనదే, ఐదు లైన్లు సూచనగానే ఉండాలి. తక్కువ పడిన వివరాల్లో ఒక్కటే అడగాలి, అన్నీ ఒకేసారి అడిగితే మనిషి వెళ్ళిపోతారు. ఫొటోతో మొదలుపెట్టండి, అందరి దగ్గరా ఫోన్ ఉంటుంది.

ఒకటి కలుపుతాను. ప్రశ్న అడిగినవాళ్ళు చివర ఏమైందో చెప్పకుండా మాయమవడం జవాబులిచ్చేవాళ్ళను అన్నిటికంటే ఎక్కువ నీరుగారుస్తుంది. వారం తర్వాత వంతులో ఉన్న మనిషి వెనక్కి వెళ్ళి "మీ ఆంప్లిఫయర్ సంగతి ఏమైంది?" అని అడగాలి. బాగైతే ఏ భాగం మార్చారో ఒక్క లైను రాయించి "పూర్తయిన పనులు" గదిలో వేయండి. బాగుకాకపోయినా రాయించండి, తర్వాత అదే మోడల్‌తో వచ్చేవాళ్ళకు ఆ దారి వృథా అని తెలుస్తుంది. రాయడం మానేసిన మీ పాతవాళ్ళను వెనక్కి పిలవాలన్నా, "మీరు చెప్పిన పద్ధతిలో ఇన్ని సెట్లు మళ్ళీ పాడుతున్నాయి" అని ఆ జాబితా పంపండి, ఊరికే రమ్మని అడగకండి.

మీటర్‌ముల్లు

చాలా సంతోషం అందరికీ. ఒక్కటే మిగిలింది. తప్పు సలహా, అదీ ప్రమాదకరమైనది వచ్చినప్పుడు ఏం చేయాలి? తీసేస్తే రాసిన మనిషి నొచ్చుకుంటారు, ఉంచితే ఎవరికైనా షాక్ కొడుతుంది.

టంకం

తప్పు సలహాను రెండు రకాలుగా విడదీయండి. సెట్ మాత్రమే పాడయ్యే తప్పు అయితే ఉంచి, కిందే సరిదిద్దండి, చదివేవాళ్ళకు రెండూ పనికొస్తాయి. మనిషికి దెబ్బ తగిలే తప్పు అయితే నిమిషం కూడా ఉంచకూడదు. మోడరేటర్ రావడానికి ఆగకుండా, వంతులో ఉన్న ఎవరికైనా సందేశం తొలగించే అధికారం ఇవ్వండి. టెలిగ్రామ్‌లో ఒక్కో అడ్మిన్‌కు ఏయే అధికారాలు ఉండాలో విడివిడిగా ఎంచుకోవచ్చు, కాబట్టి బాన్ చేసే అధికారం లేకుండా తొలగింపు మాత్రమే ఇవ్వడం కుదురుతుంది. తొలగించగానే రాసిన మనిషికి విడిగా కారణం చెప్పండి, అదే విషయాన్ని సరిదిద్ది మళ్ళీ పెట్టమని పిలవండి. ఇది శిక్షల చిట్టాలోకి ఎక్కకూడదు, ఎక్కితే తెలిసినవాళ్ళు కూడా సలహా చెప్పడానికి జంకుతారు.

మీ విషయంలో ప్రమాదాల జాబితా చిన్నదే, ముందే రాసి పిన్‌లో మొదటి లైనుగా పెట్టండి. 230 వోల్టుల మెయిన్స్ మీద నడిచే ఎస్ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై)లో ప్రైమరీ కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా నిలిచి ఉండవచ్చు. ట్యూబ్ సెట్లలో కూడా వందల వోల్టుల్లోనే. "స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేయండి" అనే సలహా కనబడగానే తీయండి: పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, కెపాసిటర్ కాళ్ళూ బోర్డు ట్రాకులూ కాలిపోతాయి. బదులుగా ఇది పెట్టండి: ప్లగ్ తీసి, 10 కిలోఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో కెపాసిటర్ రెండు కాళ్ళకు తగిలించి పదిహేను సెకన్లు ఉంచాలి, మీటర్ డీసీ రేంజిలో పెట్టి కొన్ని వోల్టుల్లోకి దిగిందని చూశాకే చేయి పెట్టాలి. పెద్ద కెపాసిటర్ అయితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి గడియారాన్ని కాదు, మీటర్‌నే నమ్మాలి. ఫ్యూజ్ పదేపదే పోతే ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ వేయమనే సలహా కూడా అదే జాబితాలోది. బదులుగా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయమనండి: బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్ట్ ఉంది, ఒక్కసారి వెలిగి మందగిస్తే ముందుకు వెళ్ళవచ్చు.